సఫీనాజక్క తిరుగుడు స్తంభం

సఫీనాజక్క మా వాలిదే మసీదులో పంతొమ్మిదేళ్లు తాత్కాలికంగా పనిచేసింది. అంతకుముందు ఆమె భర్త రుక్నెత్తిన్ అక్కడ కాపలాదారు. తలుపులు తెరవడం, తివాచీలు దులపడం, పావురాల రెట్ట కడగడం ఆయన పని. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయినప్పుడు, కొత్త మనిషిని వేసేదాకా తాళంచెవులు నీ దగ్గరే ఉంచమ్మా అని కార్యాలయం వాళ్లు చెప్పారు. ఏ కార్యాలయమో చెప్పను. చెప్పినా ఆ పని మాది కాదు, పై అంతస్తు వాళ్లది అంటారు. ఆ కొత్త మనిషి పంతొమ్మిదేళ్లూ దారిలోనే ఉన్నాడు.

నేను మసీదు ఆవరణ గేటు పక్కన తస్బీ మాలలు, టోపీలు అమ్ముకునేవాణ్ని. కాబట్టి అక్కకు సంబంధించినంతవరకు నేను చూడనిది తక్కువ. మనిషి పొట్టి. గొంతు మాత్రం మినారుకు సరిపడా ఉండేది. మైకు చెడిపోయిన రోజున ఆవిడనే పైకి ఎక్కిస్తే సరిపోతుందని మా ఇమాము జుహ్తూ హోజా అనేవాడు, ఆవిడ వినేంత దూరంలో లేనప్పుడు.

మసీదు సంగతి కాస్త చెప్పాలి. దాన్ని కట్టించాలనుకున్నది ఓ సుల్తాను తల్లి, వాలిదే అంటే అదే. రేవులోకి వచ్చే ప్రతి ఓడకూ ముందు తన గుమ్మటమే కనపడాలని ఆవిడ పట్టు. రేవు పక్కన ఉన్నదంతా బురద. మొదటి మేస్త్రి ‘ఇది బురద’ అన్నాడు. నిజం చెప్పిన నేరానికి ఎక్కడో సరిహద్దు కోటకు పంపేశారు. రెండోవాడు బురదే కాదన్నాడు, తవ్వించాడు, ముగ్గురు కూలీలను ఆ లేని బురదలో పోగొట్టుకుని, తనూ జ్వరం తగిలి పోయాడు. మూడోవాడు తెలివైనవాడు. బురదనీ అనలేదు, కాదనీ అనలేదు. వేలకొద్దీ ఓక్ దుంగలు నీళ్లలోకి దిగ్గొట్టించి, వాటి తలలకు ఇనప పట్టీలు వేసి, సీసం కరిగించి పోసి, దాని మీద రాయి పేర్చాడు. ఏనుగు కాళ్లలాంటి నాలుగు స్తంభాలు, వాటి మీద పెద్ద గుమ్మటం, చుట్టూ కోడిపిల్లల్లా అర్ధ గుమ్మటాలు. అన్నీ పూర్తయ్యేసరికి తల్లి పోయింది, కొడుకు పోయాడు, మనవడు గద్దె మీద ఉన్నాడు. సుల్తాను తల్లి కోసమని జాలీ వెనక పాలరాతితో చేసిన మంటపంలో ఆ తల్లి ఒక్క రోజూ కూర్చోలేదు. తలుపు పైన బంగారు అక్షరాల్లో మాత్రం ‘ఏమాత్రం జాప్యం లేకుండా పూర్తయినది’ అని ఉంది. మా ఊళ్లో శిలాఫలకాలు అప్పటికీ ఇప్పటికీ ఒకే రకం.

ఆ మూడో మేస్త్రి తన పని తానే పూర్తిగా నమ్మలేదు. తన తర్వాత వచ్చేవాళ్లను అసలే నమ్మలేదు. పెద్ద తలుపు కుడి పక్క గోడ మూలలో ఛాతీ ఎత్తు ఉండే ఓ సన్నటి పాలరాతి స్తంభం నిలబెట్టాడు. దాని మీద బరువేమీ లేదు. పైనా కిందా గుంటల్లో వదులుగా కూర్చుని ఉంటుంది. చేత్తో తిప్పితే తిరుగుతుంది. తిరిగినన్నాళ్లూ గోడ ఉన్నచోట ఉన్నట్టు. గోడ కుంగితే బరువు దాని మీద పడి బిగుసుకుపోతుంది. రుక్నెత్తిన్ రోజూ పొద్దున్నే తలుపు తీయగానే ఒకసారి తిప్పి, ‘ఉన్నాం’ అనేవాడు. అంతే. దాని కోసం చేయాల్సింది అంతకుమించి ఏమీ లేదు.

సఫీనాజక్క చేతికి వచ్చాక దానికి చాలా పని పడింది.

ముందు ఎవరో పరాయి ఊరి ఆడవాళ్లు అడిగారట, ఇదెందుకు తిరుగుతుందని. దుంగలు, బురద, సీసం అని చెబితే ఎవరు వింటారు? అక్క గొంతు తగ్గించి, “మనసు శుభ్రంగా ఉన్నవాళ్లకే తిరుగుతుందమ్మా” అంది. వాళ్లు వణుకుతూ తిప్పారు. తిరిగింది. ఏడ్చారు. అక్క రెండు చేతులకూ ముద్దులు పెట్టారు. ఆ రోజు నుంచి అక్కకు రాజ్యం వచ్చింది.

రెండేళ్లు తిరిగేసరికి మా పేటలో పెళ్లి సంబంధం కుదరాలంటే పిల్లను తెచ్చి స్తంభం తిప్పించాల్సిందే. మగపిల్లాణ్ని తిప్పమన్నవాళ్లు ఎవరూ లేరు. వాళ్ల మనసులు శుభ్రంగానే ఉంటాయని కాబోలు. కాబోయే అత్తలు అక్కకు ముందు రోజే జున్ను పెట్టి కాల్చిన బోరెక్ పళ్లెం, బక్లావా మిఠాయి డబ్బా, ఉన్ని మేజోళ్లు పంపేవారు. పిల్ల తల్లులూ పంపేవారు. ఎవరి పళ్లెం బరువుగా ఉంటే స్తంభం వాళ్ల మాట వినేది.

ఎలాగంటే, అక్క కొంగు ముడిలో బొటనవేలి గోరంత తోలు ముక్కలు ఉండేవి, పాత చెప్పు అట్ట నుంచి కోసినవి. తలుపు దగ్గర ఊడుస్తున్నట్టు వంగి, ఒకటి స్తంభం కింది గుంటలోకి తోసేసిందంటే ఇక పహిల్వాను వచ్చినా తిరగదు. పని అయ్యాక మళ్లీ ఊడుస్తున్నట్టు వంగి లాగేసేది. నేను మొదటి ఏడాదే కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అక్క నాకు రోజూ మధ్యాహ్నం బోరెక్ ముక్క పెట్టేది. నోటి నిండా బోరెక్ ఉన్నవాడు సాక్ష్యం ఏం చెబుతాడు?

అలా ఆగిపోయిన సంబంధాల్లో లెమాన్ గారి కూతురు నెవ్‌బహార్‌ది ఒకటి. లెమాన్ మా వీధి చివర దర్జీ. నోరు కాస్త పెద్దది. ఓ పెళ్లి విందులో అక్క పెట్టిన ఊరగాయ నోట్లో వేసుకుని, “ఇందులో ఉప్పు తప్ప ఇంకేముంది?” అందట నలుగురిలో. ఆ మాట అక్క చెవిన పడ్డ వారానికే నెవ్‌బహార్‌ని ఓడల కంపెనీ గుమాస్తా తల్లి వెంటబెట్టుకొచ్చింది. పిల్లకు పంతొమ్మిదేళ్లు. తెల్ల చేతితొడుగు తీసి స్తంభం పట్టుకుంది. తిరగలేదు. రెండు చేతులతో పట్టుకుంది. తిరగలేదు. చెవులు ఎర్రబడేదాకా తిప్పింది. గుమాస్తా తల్లి సంచీ భుజాన వేసుకుని, “పొద్దుపోతోంది, మేం వస్తాం” అని వెళ్లిపోయింది. అక్క చీపురు పట్టుకుని, “అయ్యో పాపం, అల్లా పరీక్షలు అలాగే ఉంటాయి” అంది. నేను బోరెక్ నములుతున్నాను.

లెమాన్ కుటుంబం ఆ చలికాలమే నీళ్లకు అవతలి ఒడ్డుకు ఇల్లు మార్చేసింది.

తర్వాత పదకొండేళ్లకు, ఎనభైల చివర్లో, మా మసీదు దిగువన ఫెర్రుహ్ బే హోటలు మొదలైంది. పాత తాళ్ల గోదాములు కూల్చి, నేల లోపలికి మూడు అంతస్తులు తవ్వుతున్నారు, కార్లు పెట్టుకోవడానికి. బురద నేల కదా, గుంతలోకి నీళ్లు ఊరుతున్నాయి. పంపులు పెట్టి ఆ నీళ్లను రాత్రింబవళ్లు రేవులోకి తోడి పోస్తున్నారు. ఫెర్రుహ్ బే శుక్రవారం శుక్రవారం మొదటి వరసలో నమాజుకు నిలబడేవాడు. మసీదుకు కొత్త తివాచీ ఇస్తానని ఒట్టేశాడు. తివాచీ రంగు ఎంచుకోవడంలో ఉండి, పంపుల చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఏప్రిల్‌లో ఓ పొద్దున అక్క తలుపు తీసి, అలవాటుగా స్తంభం మీద చెయ్యి వేసింది. తిరగలేదు. ముందు రోజు తోలుముక్క మరిచిపోయానేమో అనుకుంది. వంగి, జడసూదితో గెలికింది. ఏమీ లేదు. ఇంటికి పోయి ఆలివ్ నూనె తెచ్చి పోసింది. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, గుంటంతా వేలితో తడిమింది. అప్పుడు నా దగ్గరకు వచ్చింది. ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడని రంగు.

“రాసిమ్, నువ్వు గానీ దాంట్లో ఏమైనా పెట్టావా?”

“నాకెందుకక్కా? నాకు తెలిసింది తినడమే.”

“వెటకారం ఆపరా. అది తిరగట్లేదు. నిజంగా తిరగట్లేదు.”

జుహ్తూ హోజా దగ్గరకు వెళ్లింది. ఆయన అంతా విని గడ్డం దువ్వుకున్నాడు.

“మనసు శుభ్రంగా ఉన్నవాళ్లకే తిరుగుతుందని నువ్వే కదమ్మా చెబుతావు. ఓసారి నీ మనసే చూసుకో.”

“హోజా గారూ, నవ్వులాట కాదు. గోడ కుంగుతోంది.”

“నేను తిప్పుతా చూడు.” ఆయన అంగీ చేతులు పైకి మడిచి తిప్పాడు. తిరగలేదు. ఓసారి చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారా అని. నేను చూశాను. వెంటనే ఆయన దగ్గి, “పురాతన వస్తువు. ఎవరూ ముట్టుకోకపోవడమే మంచిది” అని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి పేటంతా పాకింది. సఫీనాజ్‌కి స్తంభం తిరగలేదట! పాతిక ఇళ్ల ఆడవాళ్లు పండగ చేసుకున్నారు. రొట్టెల బట్టీ దగ్గర ఒకావిడ, “పళ్లేలు తినీ తినీ మనసుకు కొవ్వు పట్టింది కాబోలు, నీకే తిరగలేదంటనే!” అంది. ఇంకొకావిడ, “వంగి ఊడవవే, తిరుగుతుందేమో” అంది. అంటే నా ఒక్కడికే తెలుసనుకున్న సంగతి సగం పేటకు తెలుసన్నమాట.

అక్క ప్రతివాణ్నీ బతిమాలింది. నువ్వు తిప్పి చూడు, తిరగట్లేదని నువ్వూ చెప్పు, నలుగురం కలిసి కార్యాలయానికి వెళదాం అని. ఒక్కరూ ముట్టుకోలేదు. కసాయివాడికి నడుం నొప్పి వచ్చింది. మందుల దుకాణం ఆయన నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చేయలేదట. వుజూ చేసుకునే పంపులు పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఆ స్తంభం మనసును చూపిస్తుందన్న మాట అబద్ధమని అందరికీ తెలుసు. అయినా నిజమైతే? పదిమంది ముందు తిరగకపోతే? మా పేటలో గోడ కూలినా ఫరవాలేదు గానీ పరువు కూలకూడదు. నేను తిప్పానా అంటారేమో. నేనూ తిప్పలేదు. నాకు ఆ వారం చేతి మణికట్టు బెణికింది.

అప్పుడు అక్కకు బావి గుర్తొచ్చింది. ఆవరణలో మూల ఓ పాత బావి ఉంది. మొక్కలకు దాన్నుంచే తోడుతుంది. నాలుగైదు వారాలుగా తాడు చాలడం లేదు. తాడు పాతబడి కురచయిందనుకుని, తల గుడ్డ ఒకటి ముడేసి లాగుతోంది. తాడు కురచ కావడమేమిటి, హోటలు పంపుల దెబ్బకు నీళ్లే కిందికి పోతున్నాయని ఆ రోజు తెలిసింది. రుక్నెత్తిన్ బతికుండగా ఎన్నోసార్లు చెప్పాడట: దుంగలు నీళ్లలో ఉన్నంతకాలం ఇనుము, గాలి తగిలిందా గుల్ల. మొగుడి మాట ఆవిడ విన్నది అదే మొదటిసారి, అదీ పోయిన పంతొమ్మిదేళ్లకు.

కార్యాలయానికి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి అర్జీ రాసి తెమ్మన్నారు. రెండోసారి అర్జీ మీద సంతకం కాపలాదారుది ఉండాలన్నారు. కాపలాదారు చనిపోయాడంటే, చావు కాగితం జతచేయమన్నారు. మూడోసారి తోడుగా నన్ను తీసుకెళ్లింది. మమ్మల్ని మేడ మీద కొలతల విభాగానికి తోలారు. అక్కడ బల్ల మీద పెద్ద కాగితం పరిచి, కళ్లజోడు పెట్టుకుని, గీతలు గీస్తున్న మనిషి తలెత్తింది. నెవ్‌బహార్.

నేను గుర్తుపట్టాను. అక్క కాస్త ఆలస్యంగా గుర్తుపట్టి, పట్టుకున్న సంచీని గుండెకు అదుముకుంది.

“చెప్పండి అత్తా, ఏం పని మీద వచ్చారు?” అంది నెవ్‌బహార్. గొంతులో కోపం లేదు. కార్యాలయం వాళ్ల గొంతు.

“స్తంభం తిరగట్లేదమ్మా.”

“నాకూ తిరగలేదుగా. మీరే అన్నారు, అల్లా పరీక్షలు అని.”

అక్క నోరు తెరిచింది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. “బావిలో నీళ్లు కూడా దిగిపోయాయి” అంది.

నెవ్‌బహార్ పెన్సిలు కింద పెట్టింది. “ఎంత దిగాయి?”

“తల గుడ్డంత.”

“తల గుడ్డ ఎంత పొడుగు?”

అక్క తల మీది గుడ్డ అక్కడికక్కడే విప్పి బల్ల మీద పరిచింది. నెవ్‌బహార్ స్కేలు పెట్టి కొలిచి, కాగితం మీద రాసుకుంది. మర్నాడే వచ్చింది. అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. టీ ఇస్తే తాగలేదు. ఏనుగు కాళ్లలాంటి ఆ స్తంభాల చుట్టూ తిరిగి, గోడల మీద వెంట్రుక మందాన ఉన్న పగుళ్లు వెతికి, వాటికి అడ్డంగా సన్నటి గాజు పలకలు ప్లాస్టర్ ముద్దతో అతికించింది. తేదీలు రాసింది. గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజుకు మొహమాటం ఉండదు.

తొమ్మిది రోజుల్లో పదమూడు పలకల్లో ఎనిమిది పగిలాయి.

దాంతో నిపుణుల సంఘం దిగింది. ఐదుగురు. అధ్యక్షుడైన ప్రొఫెసరు గారు ముప్పై ఏళ్లుగా మా మసీదు మీద గ్రంథం రాస్తున్నారట. ఆవరణలోకి వచ్చి, “ఆడవాళ్ల ద్వారం ఎటు?” అని అడిగారు. ఆయన నిలబడ్డది దాని ముందే. ఫెర్రుహ్ బే కూడా వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులతో, తివాచీ నమూనాలతో. పేటంతా పోగైంది.

“పైకి చూడండి” అన్నాడు ప్రొఫెసరు. “ఇంత సౌష్టవం, ఇంత సమతూకం! నాలుగు వందల ఏళ్లు నిలిచింది, ఇంకో నాలుగు వందల ఏళ్లు నిలుస్తుంది.” నెవ్‌బహార్ గాజు పలకల సంగతి ఎత్తింది. “గాజు పగలడానికి సవాలక్ష కారణాలు ఉంటాయమ్మాయ్. ఎండ, చలి, ఓడల కూతలు.” మరి స్తంభం? “అది అలంకారం.”

ఫెర్రుహ్ బే నవ్వాడు. “ప్రొఫెసరు గారూ, అలంకారమూ కాదు, ఏమీ కాదు. ఈవిడ దాంట్లో తోలు ముక్కలు పెట్టి బిగిస్తుంది. పేటంతా తెలుసు. అడగండి. ఏమ్మా, పెడతావా, పెట్టవా? పెళ్లిళ్లు చెడగొట్టడం అయిపోయింది, ఇప్పుడు హోటలు మీద పడ్డావా?”

గుంపులో నవ్వులు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ గుంపులో పెళ్లి చెడినవాళ్లూ ఉన్నారు.

అక్క లేదంటే లేదని బతికిపోయేది. రుజువేముంది? కానీ లేదంటే ఈ స్తంభం ఎందుకు ఆగిందో ఎవరూ పట్టించుకోరు. అవునంటే పట్టించుకోవచ్చు, పట్టించుకోకపోవచ్చు, తను మాత్రం ఆ పేటలో తలెత్తుకోలేదు. నాకు తెలిసి ఆవిడ జీవితంలో నిజంగా ఆలోచించి చేసిన పని అదొక్కటే. ఇంట్లోకి పోయి హల్వా డబ్బా తెచ్చింది. తలుపు ముందు పాలరాతి మెట్టు మీద కూర్చుని మూత తీసింది. నిండా తోలు ముక్కలు. కొంగు ముడిలో పట్టనివన్నీ దాచిపెట్టింది. దేనికోసం దాచిందో ఆ అల్లాకే తెలియాలి.

“అవును, పెట్టాను” అంది. మైకు అక్కర్లేని గొంతు. “ఇదిగో, ఇది కసాయి వాళ్ల రెండో కోడలికి పెట్టింది. వాళ్లు పంపిన బోరెక్ మాడిపోయింది. ఇది పోస్టుమాస్టరు కూతురికి. ఆవిడ నాకు సలాం చెప్పలేదు. ఇది...” వేలితో వెతికి ఓ ముక్క తీసింది. నిజంగా అదేనో కాదో ఎవరికి తెలుసు. “ఇది నీకమ్మా, నెవ్‌బహార్.”

గుంపంతా నెవ్‌బహార్ వైపు తిరిగింది.

నెవ్‌బహార్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. “పదకొండేళ్లు” అంది. “నాలో ఏం మకిలి ఉందా అని పదకొండేళ్లు వెతుక్కున్నాను. మా అమ్మ చచ్చిపోయేదాకా నన్ను అడుగుతూనే ఉంది, ఏం పాపం చేశావే అని. ఊరగాయ కోసమా?”

“మీ అమ్మ ఉప్పు ఎక్కువంది.”

“ఎక్కువే.”

అక్క తల దించుకుంది. తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగి, “బాబూ, ఇప్పుడు మీరే వంగి చూసుకోండి. ఇన్నాళ్లూ నేను పెట్టాను. ఇవాళ అందులో నాది ఒక్క ముక్క ఉందేమో తీసి చూపించండి” అంది.

అంతమంది చూస్తుండగా ఆయనకు తప్పలేదు. బూడిద రంగు సూటుతో మెట్టు మీద బోర్లా పడుకుని, టార్చి వేసి, గుంటలో చూశాడు. జేబు కత్తి పెట్టి గీకాడు. ఆలివ్ నూనె మడ్డి తప్ప ఏమీ రాలేదు. లేచేసరికి పొట్ట నిండా మరక. మనిషి సూటు మీద మరక పడితే గానీ కళ్లు తెరవడు కాబోలు. నెవ్‌బహార్ అదను చూసి, “తోలు లేదని మీరే చూశారు సార్. ఇక బావి దగ్గరకు రండి” అంది. వెళ్లారు. చూశారు. తాడుకు కట్టిన తల గుడ్డనూ చూశారు. ఆ మధ్యాహ్నం ఫెర్రుహ్ బే తివాచీ నమూనాలు చుట్టించుకుని వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా పంపులు ఆపించారు. గుంత పూడ్చేశారు. కింది మూడు అంతస్తులు పోయి, హోటలు మామూలు హోటలు అయింది. ప్రారంభోత్సవం నాటి ప్రకటనలో ‘చారిత్రక మసీదు రక్షణ కోసం త్యాగం చేసిన హోటలు’ అని వేయించుకున్నాడు ఫెర్రుహ్ బే. ప్రొఫెసరు గారు ‘ఓ నిశ్చల స్తంభంపై నా పరిశీలనలు’ అని వ్యాసం రాశారు. అడుగున చిన్న అక్షరాల్లో నెవ్‌బహార్‌కు కృతజ్ఞతలు చెప్పారు, పేరులో ఒక అక్షరం తప్పుతో. స్తంభం చుట్టూ గాజు పెట్టె బిగించారు. బావిలో నీళ్లు మెల్లగా పైకి వచ్చాయి. స్తంభం మాత్రం తిరగలేదు. దిగిన గోడ మళ్లీ లేవదట.

ఇంత జరిగాక శిక్ష పడింది ఒక్కరికే. ‘చారిత్రక కట్టడంలో పరాయి వస్తువులు జొప్పించినందుకు తాత్కాలిక బాధ్యతల నుంచి శాశ్వతంగా తొలగించడమైనది’ అని అక్కకు కాగితం వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ పేరు మీద కార్యాలయం నుంచి వచ్చిన మొదటి కాగితం అదే. నా చేత మూడుసార్లు చదివించుకుంది. కొత్త కాపలాదారు వారంలోనే వచ్చాడు. ఈసారి అతనికి దారి దొరికింది. పావురాలంటే భయం పాపం, గొడుగు వేసుకుని ఊడ్చేవాడు.

పేట ఆడవాళ్లు ఏడాదిపాటు అక్కతో మాట్లాడలేదు. పోస్టుమాస్టరు కూతురొక్కతే వచ్చి, “మీరు చెడగొట్టిన పెళ్లికొడుకు ఇప్పుడు మూడో పెళ్లానికి విడాకులు ఇస్తున్నాడు, మీ చేతులకు దండం” అని ఓ పళ్లెం బోరెక్ ఇచ్చి వెళ్లింది. అక్క ఆ పళ్లెం తాకలేదు. నాకు పంపేసింది. నేను తిన్నాను.

నెవ్‌బహార్‌కు బావి లెక్క రోజూ కావాలి. కొత్త కాపలాదారు బావిలోకి తొంగి చూస్తే కళ్లు తిరుగుతాయన్నాడు. ఎవరూ అడక్కుండానే అక్క ఆ పని ఎత్తుకుంది. తాడుకు మూరకో ముడి వేసింది. పొద్దున్నే ఆవరణలోకి వచ్చి, కొలిచి, నా పక్కనున్న టీ కొట్టు ఫోను దగ్గర నిలబడేది.

“సఫీనాజ్‌ని. పద్నాలుగు మూరలు, నాలుగు వేళ్లు.”

“సరే.”

అంతే. ఫోను పెట్టేసేది. “ఒంట్లో ఎలా ఉందమ్మా” అని అక్క ఒకటి రెండుసార్లు మొదలెట్టింది. ఆ మాట పూర్తయ్యేలోపే గీ మని చప్పుడు వచ్చేది. మంచు కురిసినా, బైరామ్ పండగైనా, మోకాలు వాచినా, ఆరేళ్లు ఒక్కరోజు తప్పలేదు. ఒకసారి రెండు వేళ్లు తేడా వస్తే, తాడు తడిసి సాగిందేమోనని కొత్త తాడుతో మళ్లీ కొలిచి మళ్లీ ఫోను చేసింది. ఎన్ని వేళ్లు చెబితే ఎవరు చూడొచ్చారక్కా అన్నాను. “నోర్ముయ్ రాసిమ్. ఆ పిల్లకు అబద్ధం ఒకసారి చెప్పాను, చాలు” అంది.

ఏడో ఏడు ఫిబ్రవరిలో నిమోనియా వచ్చి ఆసుపత్రిలో పోయింది. జనాజా మా వాలిదే ఆవరణలోనే. శవపేటికను రాతి బల్ల మీద పెట్టారు. మగవాళ్లు వరసల్లో నిలబడ్డారు. ఆడవాళ్లు వెనక వుజూ పంపుల దగ్గర. జుహ్తూ హోజా బాగా ముసలివాడయ్యాడు. ముందుకు వచ్చి అడగాల్సింది అడిగాడు:

“ఈమెను ఎలాంటిదని ఎరుగుదురు?”

“మంచిదని ఎరుగుదుం” అనాలి. ఎవరి జనాజాలోనైనా అందరూ ఒక్క గొంతుతో అనేస్తారు, పోయినవాడు దొంగైనా సరే. ఆ రోజు కాస్త ఆలస్యమైంది. కసాయివాడు పక్కవాణ్ని చూశాడు. పక్కవాడు నన్ను చూశాడు. చివరికి ఎవరో, “ఎరుగుదుం, ఎరక్కపోవడమేమిటి” అన్నాడు. దాని వెనకే అందరూ గొణిగారు.

“మీకు ఆమె మీద ఉన్న హక్కులు, బాకీలు విడిచిపెడుతున్నారా?”

“విడిచాం.” మూడుసార్లు అడగాలి. రెండోసారీ అదే. మూడోసారి మగవాళ్లు అనడం పూర్తయ్యాక, వెనక నుంచి ఓ ఆడగొంతు స్పష్టంగా వచ్చింది. ఆవరణలో అక్క తప్ప ఆడవాళ్లెవరూ గొంతెత్తడం మేం చూడలేదు.

“బావి వరకు విడిచాను హోజా గారూ” అంది నెవ్‌బహార్. “మిగతాది పైన కలిసినప్పుడు నేనూ ఆవిడా తేల్చుకుంటాం.”

జుహ్తూ హోజా నలభై ఏళ్ల కొలువులో ఇలా సగం విడిచిపెట్టినవాళ్లను చూసి ఉండడు. ఏ పుస్తకంలో ఏముందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత “ఆమీన్” అనేసి చేతులు పైకెత్తాడు. పేటికను మేం పదిమందిమి మార్చి మార్చి మోసుకుంటూ గుట్ట మీది శ్మశానానికి తీసుకెళ్లాం. హోటలు ముందు నుంచి పోతుంటే, ద్వారం దగ్గరి నౌకరు టోపీ తీశాడు.

ఇప్పుడు పొద్దున్నే బావి కొలిచేది నేను. మోకాళ్లు పట్టేస్తున్నాయి, ముడులు లెక్కపెట్టడానికి కళ్లజోడు కావాల్సి వస్తోంది. టీ కొట్టు ఫోను దగ్గర నిలబడి ఇన్ని మూరలు, ఇన్ని వేళ్లు అని చెబుతాను. నాక్కూడా “సరే” అనే అంటుంది.